మనోవ్యాధి, బంధుజనం: సూరత్ నగర చరిత్ర చెప్పే పాఠం

పదిహేడవ శతాబ్ది చివర ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి మతగురువుగా సూరత్ నగరానికి వచ్చిన జాన్ ఓవింగ్టన్, 1696లో ప్రకటించిన తన యాత్రాగ్రంథంలో ఆ నగరపు వింతలలో ఒకటిగా పశువుల ఆసుపత్రిని వర్ణించాడు. ముసలి ఆవులు, కుంటి గుఱ్ఱాలు, కుక్కలు, మేకలు అక్కడ తమ శేషజీవితం గడిపేవి. వాటి పోషణ వ్యయాన్ని ఆ ఊరి బనియా వర్తకులు భరించేవారు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో అలెగ్జాండర్ బర్న్స్ కూడా ఈ ఆసుపత్రిని చూచి ఆశ్చర్యపడి దానిని గూర్చి వ్రాశాడు. నోరులేని జీవికి తలుపు తెరచిన ఆ నగరంలో మతి చలించిన మనిషికి ఆశ్రయ మేది? ఈ ప్రశ్న ఆ యాత్రికులకు తోచినట్లు లేదు. తోచి వుంటే వారికి దొరకగల సమాధానాలు రెండే: ఇంటి వెనుక గది, లేదా భూతవైద్యుని గడప.

మనోవ్యాధిగ్రస్తుని ఎవరు చూచుకోవాలి, ఎక్కడ వుంచాలి, ఎట్లా పలకరించాలి అనే విషయం భారతదేశంలో నూట ఎనభై సంవత్సరాలుగా మూడు ఘట్టాలను దాటింది. మొదటి ఘట్టం మంత్రానిది, రెండవది గోడది, మూడవది మనిషిది. మూడవ ఘట్టం ఇంకా పూర్తి కాలేదు. మొదటి ఘట్టం మీద తిరుగుబాటు జరిగిన చోట్లలో సూరత్ ఒకటి కావటమూ, మూడవ ఘట్టానికి కఠినమైన పరీక్ష ఈనాడు అక్కడే జరుగుతూ వుండటమూ గమనింపదగిన విషయాలు. ఆ పరీక్షకు నిలిచిన వారిలో తెలుగువారు కూడా వున్నారు.

పందొమ్మిదవ శతాబ్ది నాటికి సూరత్ పూర్వ వైభవం అంతరించింది. మొగలాయీల కాలంలో హజ్ యాత్రికుల ఓడలకూ, పట్టు, జరీ, నూలు వర్తకానికీ పేరు మోసిన ఆ రేవు ప్రాధాన్యం క్రమంగా బొంబాయికి తరలిపోయింది. 1837లో ఘోరమైన అగ్నిప్రమాదం నగరంలో వేల ఇండ్లను దగ్ధం చేసింది. అదే సంవత్సరం తాపీ నది వరద మిగిలినదానిని ముంచింది. ఇట్టి ఆపదల తరువాత జనుల మనస్సులో భయం గూడు కట్టుకోవటం సహజం. భయం వున్న చోట దానితో బ్రతికేవారు కూడా వుంటారు. గుజరాత్ పల్లెలలోనూ పట్టణాలలోనూ 'భువా' అని పిలువబడే పూనకగాళ్ల పలుకుబడి మెండు. ఇల్లాలు మాట్లాడటం మానినా, కొడుకు రాత్రులు నిద్రలేక తిరిగినా, బాలింత బిడ్డను దగ్గరకు తీయకపోయినా, అది గాలి సోకటమని చెప్పి, డప్పు వాయించి, పొగ పెట్టి, అవసరమైతే కొట్టి, ఆ గాలిని వదిలించే పని వారిది. తెలుగుదేశంలో వేపమండలతో, ఎండు మిరపకాయల పొగతో జరిగేది కూడా ఇదే.

ఈ వృత్తిని బహిరంగంగా ఎదిరించిన వాడు సూరత్ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు దుర్గారామ్ మేహతాజీ (1809-1876). మరాఠీ వ్యాకరణకర్తగా ప్రసిద్ధుడైన దాదోబా పాండురంగ్ ఉద్యోగరీత్యా ఆ నగరంలో వున్న కాలంలో, ఆయనతోనూ మరికొందరు మిత్రులతోనూ కలిసి 1844 జూన్ 22న 'మానవ ధర్మ సభ' అనే సంస్థను స్థాపించాడు. మానవులందరికీ ధర్మం ఒక్కటే అనీ, కులభేదాలు మనుషులు కల్పించినవే అనీ ఈ సభ ప్రచారం చేసింది. అంతతో ఆగక మాంత్రికులనూ మంత్రపాఠకులనూ సవాలు చేసింది. మీ శక్తి నిజమైతే పదిమంది ముందు చూపించమన్నది. గుజరాత్ సంస్కరణ చరిత్రలో ఇది తొలి మెట్లలో ఒకటి. 1846లో దాదోబా సూరత్‌ను విడిచి వెళ్లాడు. 1852లో దుర్గారామ్ రాజకోటకు వెళ్లటంతో సభ ఆగిపోయింది. సూరత్‌లో జన్మించిన మరొక సంస్కర్త మహీపత్‌రామ్ రూప్‌రామ్ 1879లో దుర్గారామ్ చరిత్రను గ్రంథంగా ప్రకటించినందువల్ల ఆ సభ విశేషాలు నేటికీ తెలియవస్తున్నాయి.

తెలుగు పాఠకులకు ఈ కథ పరిచితమైనదిగానే తోస్తుంది. మూడు దశాబ్దాల తరువాత, 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించిన కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో ఇదే యుద్ధం సాగించారు. దయ్యాల భయాన్నీ, మంత్రగాళ్ల మోసాన్నీ ఆయన కలం వదిలిపెట్టలేదు. దుర్గారామ్ కూడా వీరేశలింగం వలెనే బడిపంతులు. ఇద్దరికీ అక్షరం మీద వున్నంత విశ్వాసం మరి దేనిమీదా లేదు.

వారు చేసిన పని న్యాయమైనది, అవసరమైనది. రోగిని కొట్టటం వైద్యం కాదని చెప్పటానికి ఎవరో ఒకరు పూనుకోవలసే వుంది. అయితే ఆ సంస్కరణ ఒక ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. మంత్రగాని గడప నుంచి వెనుదిరిగిన కుటుంబం తన రోగిని తీసుకొని ఎక్కడికి పోవాలి? పూనకగాని తంతులో క్రౌర్యం వుంది, మోసం వుంది. కాని ఆ తంతు జరిగినంతసేపూ రోగి ఒంటరి కాడు. తల్లి పక్కనే కూర్చుంటుంది, మేనమామ పట్టుకొని వుంటాడు, ఇరుగుపొరుగు చుట్టూ చేరుతారు. వచ్చిన కష్టం రోగి తప్పు కాదు, బయటినుంచి వచ్చినదే, అది పోతే మన మనిషి మనకు దక్కుతాడు అనే నమ్మకం ఆ గుంపులో వుంటుంది. మంత్రం అబద్ధం, ఆ గుంపు నిజం. మంత్రాన్ని తీసివేసిన నూతన యుగం, ఆ గుంపును కూడా దానితోపాటే తీసివేసింది.

ఈ విషయంలో ప్రాచీన వైద్యగ్రంథాలు కూడా రెండు మాటలు చెప్పాయి. చరకసంహితలోని ఉన్మాద చికిత్సాధ్యాయంలో రోగిని బంధించటం, భయపెట్టటం వంటి ఉపాయాలు వున్నాయి. మిత్రులు హితవాక్యాలతో ఓదార్చాలనే ఉపదేశమూ వున్నది. భయమూ అభయమూ ఒకే అధ్యాయంలో పక్కపక్కనే నిలిచాయి. తరువాతి తరాలు మొదటిదాన్ని సులభంగా గుర్తుంచుకొన్నాయి.

ఇక రెండవ ఘట్టం. మద్రాసులో 1794లోనే కంపెనీ ప్రభుత్వపు అండతో పిచ్చివారి శరణాలయం ఏర్పడింది. సిపాయిల తిరుగుబాటు ముగుస్తున్న 1858లో ఈ శరణాలయాలను గూర్చిన చట్టం వచ్చింది. ఆ వెనుక గుజరాత్‌కు అహమ్మదాబాదులో 1863లో ఒక శరణాలయమూ, ఉత్తరాంధ్రకు విశాఖపట్నంలో 1871లో మరొకటీ వెలిశాయి. వీటి రూపకల్పనలో కారాగారపు ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. ఎత్తైన ప్రహరీ, ఇనుప తలుపు, లెక్కపెట్టి లోపలికి పంపే పద్ధతి, న్యాయాధికారి ఉత్తరువు మీద ప్రవేశం: ఇవన్నీ ఖైదీకీ రోగికీ సమానమే. 1912లో వచ్చిన చట్టం ఈ సంస్థలపై వైద్యుల అధికారాన్ని కొంత పెంచినా, 'వెర్రివారు' అనే మాటనూ, న్యాయాధికారి ఉత్తరువునూ అట్లాగే వుంచింది. ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా నాలుగు దశాబ్దాలు అమలులో వుండి, 1987 నాటి కొత్త చట్టం 1993లో అమలులోకి వచ్చిన మీదట తొలగిపోయింది.

ఆ గోడ చేసిన మేలు లేకపోలేదు. వీధిలో రాళ్లదెబ్బలు తినే అనాథకు అన్నమూ నీడా దొరికాయి. కాని గోడకు రెండు వైపులు వుంటాయి. లోపలివానికి బయటి ముఖాలు కనిపించవు. బయటివారికి లోపలి మనిషి క్రమంగా జ్ఞాపకంగా మారుతాడు. మొదటి ఏడు నెలకొకసారి వచ్చిన అన్నగారు, రెండవ ఏడు పండుగకు వస్తారు. మూడవ ఏట ఉత్తరం వ్రాస్తారు. ఆ తరువాత చిరునామా మారుతుంది. వ్యాధి తగ్గినా ఇంటికి తీసుకొనిపోయే వారు లేక అక్కడనే వృద్ధులైన వారు దేశంలోని ప్రతి శరణాలయంలోనూ వున్నారు. తెలుగు సంభాషణలో విశాఖ ఆసుపత్రి పేరూ, హైదరాబాదులోని ఎర్రగడ్డ పేరూ ఎట్లా తిట్లుగా మారాయో అందరికీ తెలిసినదే. ఒక ఊరి పేరు తిట్టుగా మారిన తరువాత ఆ ఊరికి రోగిని తీసుకొనిపోవటానికి తండ్రికి ఎంత ధైర్యం కావాలో ఊహించవచ్చు. గోడ రోగిని కాపాడిందో లేదో కాని, సిగ్గును మాత్రం భద్రంగా కాపాడింది.

ఈ గోడకు తొలి గండి పడిన కథ దేశ విభజనతో ముడిపడి వున్నది. 1947లో ఆస్తులతో, గ్రంథాలతో, ఖైదీలతోపాటు మానసిక రోగులను కూడా రెండు ప్రభుత్వాలు పంచుకొన్నాయి. లాహోరు ఆసుపత్రిలోని హిందూ, సిక్కు రోగులు 1950లో అమృతసర్‌కు తరలింపబడ్డారు. ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో 'టోబా టేక్ సింగ్' కథకు ప్రాణం పోసినది ఈ మార్పిడియే. అమృతసర్ ఆసుపత్రికి అధిపతిగా వున్న డాక్టర్ విద్యాసాగర్ ముందు ఆనాడు నిలిచిన సమస్య సాహిత్యానికి సంబంధించినది కాదు. రోగులు ఎక్కువ, గదులు తక్కువ, సిబ్బంది మరీ తక్కువ. ఆయన 1950 దశకంలో ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు బంధువు కూడా వచ్చి వుండాలని ఏర్పాటు చేశాడు.

అవసరం నుంచి పుట్టిన ఆ ఏర్పాటు వైద్యచరిత్రలో ఒక మలుపు అయింది. గుడారంలో తల్లి రోగికి అన్నం తినిపించేది, భార్య స్నానం చేయించేది, తమ్ముడు మందు వేళ కనిపెట్టేవాడు. సాయంత్రం రోగులూ బంధువులూ అందరూ ఒకచోట కూర్చుంటే, డాక్టర్ విద్యాసాగర్ వారికి తెలిసిన పురాణగాథలతో, ధర్మబోధలతో వ్యాధి స్వభావాన్ని వివరించేవాడు. ఒక కుటుంబం తన భయాన్ని చెబితే పక్క గుడారంలోని కుటుంబం తన అనుభవం చెప్పేది. కోలుకొన్న రోగిని చూచి కొత్తగా వచ్చినవారు ధైర్యం తెచ్చుకొనేవారు. పూనకగాని చుట్టూ చేరిన గుంపే ఇది. దెబ్బలు లేవు, మోసం లేదు, మందు వున్నది. దుర్గారామ్ తీసివేసిన మంత్రం పోయిన చోట నిలువవలసినది ఏదో, నూరు సంవత్సరాల తరువాత అమృతసర్ గుడారాలలో కనిపించింది. అంతకంటె ముఖ్యమైన ఫలితం మరొకటి కలిగింది. రోగితోపాటు వచ్చిన బంధువు రోగితోపాటే ఇంటికి వెళ్లాడు. వదిలివెళ్లటం అనే మాటకు చోటు లేకపోయింది.

1957లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు తమ మానసిక చికిత్సా కేంద్రాన్ని స్థాపించినపుడు కూడా కుటుంబం రోగితో వుండటమే పద్ధతిగా పెట్టుకొన్నారు. చిత్తూరు జిల్లాకు వేలూరు పొరుగూరు వంటిది కావటంవల్ల తెలుగు కుటుంబాలెన్నో ఆ పద్ధతిని అనుభవం మీద ఎరుగుదురు. పాశ్చాత్య దేశాలలో ఆసుపత్రి తలుపు దగ్గర బంధువును ఆపివేయటమే నియమంగా వున్న కాలమది. అక్కడ కూడా బెల్జియంలోని గీల్ పట్టణం వంటి మినహాయింపులు లేకపోలేదు. ఆ ఊరి గృహస్థులు శతాబ్దాల తరబడి పరాయి మనోరోగులను తమ ఇండ్లలో కుటుంబసభ్యులుగా వుంచుకొని, పొలం పనిలోనూ భోజనపు బల్ల దగ్గరా చోటిస్తూ వచ్చారు. అయితే గీల్ ఒక ఊరి ఆచారం; అమృతసర్‌లో జరిగినది ఒక ప్రభుత్వ ఆసుపత్రి తన నియమాన్ని తానే మార్చుకోవటం.

1960 దశకం చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాలలో ఆరంభించిన పరిశోధనకు ఆగ్రా ఒక కేంద్రంగా వుండేది. తీవ్రమైన మనోవ్యాధులలో ఒకటైన స్కిజోఫ్రీనియాకు గురైనవారు ధనిక దేశాలలో కంటె భారతదేశం వంటి దేశాలలో మెరుగుగా కోలుకొంటున్నారని ఆ పరిశోధన తేల్చింది. కారణాలను గూర్చి పండితులలో వాదవివాదాలు నేటికీ జరుగుతున్నాయి. కుటుంబం వదలకపోవటం ఆ కారణాలలో ఒకటి అని పలువురు అభిప్రాయపడ్డారు. ఈ మాట వినటానికి ఇంపుగా వున్నది. కాని దీనిని పొగడ్తగా తీసుకొని తృప్తిపడటానికి వీలు లేదు. ఎందుకంటే, అదే దేశంలో కుటుంబం నుంచి దూరంగా బ్రతికే కోట్లమంది వున్నారు. ఆ విషయం తిరిగి సూరత్‌ను జ్ఞాపకం చేస్తున్నది.

ఈనాటి సూరత్ వలసవచ్చినవారి నగరం. నేత మిల్లులలో, మరమగ్గాలలో, రంగుల అద్దకంలో, వజ్రాల సానలో పనిచేసేవారిలో అధిక సంఖ్యాకులు ఇతర జిల్లాలనుంచి, ఇతర రాష్ట్రాలనుంచి వచ్చినవారే. ఒరిస్సాలోని గంజాం నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, సౌరాష్ట్ర నుంచి వచ్చినవారితోపాటు తెలంగాణ పద్మశాలీలు కూడా అక్కడ మగ్గం పట్టుకొన్నారు. షోలాపురానికీ, భివండికీ, బొంబాయికీ వెళ్లిన దారిలోనే మరికొంత ముందుకు నడచి తాపీ తీరానికి చేరిన కుటుంబాలివి. సూరత్ మునిసిపాలిటీ నడిపే ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియాలతోపాటు తెలుగు బోధనాభాషగా గల పాఠశాలలు కూడా వుండటమే వారి సంఖ్యకూ స్థిరత్వానికీ నిదర్శనం.

కుటుంబంతో వెళ్లినవారి సంగతి ఒకటి, ఒంటరిగా వెళ్లినవారి సంగతి వేరొకటి. మరమగ్గాల పని పన్నెండేసి గంటల వంతులలో సాగుతుంది. పగటివంతువాడు లేచిన చాపమీదనే రాత్రివంతువాడు పడుకొనే గదులు ఆ నగరంలో ఎన్నో. మగ్గాల మోతలో మాట వినపడదు. గదిలో మాటలాడే ఓపిక వుండదు. అట్టిచోట ఒక నేతకాడు అన్నం మానివేస్తే, నిద్ర మానివేస్తే, తనలో తాను మాట్లాడుకొంటూ వుంటే, మొదట గమనించేది తల్లి కాదు, భార్య కాదు. పక్క చాపమీది మనిషి. సిరిసిల్లలోనో, జగిత్యాలలోనో వున్న తల్లికి ఫోనులో వినిపించేది 'బాగానే వున్నానమ్మా' అనే మాట మాత్రమే.

ఊరిలో మిగిలినవారి స్థితి కూడా సుఖమైనది కాదు. 1990 దశకం చివరనుంచి సిరిసిల్ల మరమగ్గాల కార్మికులలో అప్పుల భారంతో జరిగిన ఆత్మహత్యలు తెలుగుదేశాన్ని కలవరపరచాయి. ప్రభుత్వం బతుకమ్మ చీరల నేతను 2017లో ఆ మగ్గాలకు అప్పగించటానికి ఈ దుఃఖమే నేపథ్యం. నేతకానికి పని దొరకటమే సగం మందు అనే సత్యాన్ని ఆ ఏర్పాటు అంగీకరించింది. మిగిలిన సగం మందు, పని దొరకని నాడు కూడా తనను విడువని మనిషి.

సూరత్ రెండుసార్లు తన సాంఘిక బంధాల బలాన్ని పరీక్షించుకొన్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కినపుడు లక్షలమంది నగరాన్ని విడిచి పారిపోయారు. ప్రైవేటు వైద్యులలో పలువురు తమ వైద్యశాలలకు తాళం వేసి వెళ్లారు. భయం పెద్ద అంటువ్యాధి అని ఆ వారం రోజులు నిరూపించాయి. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు నాయకత్వాన ఆ నగరం తన వీధులను శుభ్రపరచుకొని దేశానికి ఆదర్శమయింది. ఎవరి గుమ్మం ముందు చెత్తను వారే చూచుకోవాలనే భావన పోయి, వీధి అందరిదీ అనే భావన కలిగినందువల్ల ఆ మార్పు సాధ్యమయింది. మనస్సును గూర్చి అట్టి భావన కలగటానికి మరికొంత కాలం పట్టింది.

2008లో ప్రపంచ ఆర్థికమాంద్యం వల్ల వజ్రాల సాన కార్ఖానాలు మూతపడినపుడు 'రత్నకళాకారులు' అని గౌరవంగా పిలువబడే ఆ కార్మికులలో కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. 2023, 2024 సంవత్సరాలలో విదేశాలలో గిరాకీ పడిపోయి మళ్లీ అట్టి దుర్వార్తలు వినవచ్చాయి. ఈసారి గుజరాత్ వజ్ర కార్మికుల సంఘం 2024 జూలైలో నిరాశకు లోనైన కార్మికులకోసం ఒక సహాయక టెలిఫోన్ సంఖ్యను ప్రకటించింది. పిలిచినవారిలో ఉద్యోగం అడిగినవారున్నారు, పిల్లల బడి రుసుముకు సహాయం కోరినవారున్నారు. కార్మికసంఘం అంటే జీతంకోసం పోరాడేది అనే అర్థానికి, తోటివాని మనస్సును కనిపెట్టేది అనే అర్థం కూడా ఆనాడు చేరింది. సంఘం వైద్యశాల కాదు, బంధువూ కాదు. కాని బంధువు దూరంగా వున్న నగరంలో బంధువు చేసే మొదటి పని అది చేసింది: ఏమయింది అని అడిగింది.

గుజరాత్‌లోనే జరిగిన మరి రెండు ప్రయత్నాలు ఈ చరిత్రను పూర్తి చేస్తాయి. మెహసాణా జిల్లా ఉనావా గ్రామంలో మీరాదాతార్ దర్గాకు అన్ని మతాలవారూ తమ మనోరోగులను తీసుకొనివస్తారు. 2008లో ఆ దర్గా ఆవరణలోనే వైద్యులు కూర్చునే ఏర్పాటు జరిగింది. దానికి 'దవా-దువా' అని పేరు; మందూ ప్రార్థనా అని అర్థం. దర్గా సేవకులు వచ్చిన రోగిని ప్రార్థన అనంతరం వైద్యుని వద్దకు పంపుతారు. దుర్గారామ్ సవాలు చేసిన చోట, ఈ వైద్యులు సంధి చేసుకొన్నారు. ఈ సంధి ఎందుకు అవసరమో తెలుసుకోవటానికి 2001 ఆగస్టు 6వ తేదీని తలచుకోవాలి. ఆనాడు తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినపుడు, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మనోరోగులు కదలలేక దగ్ధమయ్యారు. మంత్రమూ గోడా రెండూ కలిసి, మనిషి లేకపోతే ఏమవుతుందో ఎర్వాడి చెప్పింది. గొలుసు వేసినవారిలో పగవారెవరూ లేరు. దిక్కుతోచని తల్లిదండ్రులే తమ బిడ్డలను అక్కడ విడిచి వెళ్లారు.

రెండవ ప్రయత్నం అదే మెహసాణా జిల్లాలో 2017లో ఆరంభమైన 'ఆత్మీయతా' కార్యక్రమం. పుణే నగరంలోని ఇండియన్ లా సొసైటీకి చెందిన కేంద్రం దీనిని నడిపింది. గ్రామాలలో నలుగురికీ మంచిమాట చెప్పగలిగిన సామాన్యులను ఎంచి, వారికి దుఃఖితుని మాట వినటంలో, అవసరమైతే వైద్యుని వద్దకు చేర్చటంలో, రావలసిన పింఛనో రేషనో ఇప్పించటంలో శిక్షణ ఇచ్చారు. ఇట్టివారు డాక్టర్లు కారు, సంస్కర్తలు కారు, ఊరి మనుషులు. తెలుగు పల్లెలో ప్రతి వీధికీ ఇట్టి పెద్దమ్మ ఒకరు, ఇట్టి బాబాయి ఒకరు ఏనాటినుంచో వున్నారు. వారికి లేనిది జాలి కాదు, తెలివిడి. 'లేచి నాలుగడుగులు తిరుగు, అదే పోతుంది' అని వారు చెప్పే మాటలో ప్రేమ వున్నది. కాని ఆ మాట కుంగిపోయిన మనిషికి తన వ్యాధి తన సోమరితనమే అనే నిందగా వినిపిస్తుంది. ఆ ఒక్క మాటకు బదులు 'ఎన్నాళ్లనుంచి నిద్ర లేదు?' అని అడగటం నేర్పితే, అది సగం వైద్యం అవుతుంది.

చట్టం కూడా ఈ దారికే వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చి, చికిత్సను పౌరుని హక్కుగా చెప్పింది. గొలుసులతో బంధించటాన్ని నిషేధించింది. సమాజం మధ్యనే బ్రతికే హక్కును గుర్తించింది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో వున్నాడని భావించి శిక్షకు బదులు సహాయం చేయాలన్నది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ఆరంభించిన 'టెలి మానస్' సేవలో 14416 సంఖ్యకు పిలిస్తే తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మగ్గాల నగరంలో ఒంటరిగా వున్న తెలుగు కార్మికునికి తన దుఃఖాన్ని తన భాషలో చెప్పుకొనే అవకాశం చిన్నది కాదు. దుఃఖం పరభాషలో పూర్తిగా పలకదు.

అయితే చట్టమూ, టెలిఫోనూ కుటుంబం మీది భారాన్ని పూర్తిగా తీసివేయవు. రోగిని చూచుకొనేవారి అలసటను గూర్చి సంస్కర్తలూ వ్రాయలేదు, శరణాలయాల నివేదికలూ వ్రాయలేదు. రాత్రంతా మేల్కొని వుండి, పగలు పనికి పోయి, పెండ్లిళ్లకు పేరంటాలకు పోలేక, ఇరుగుపొరుగుకు సమాధానం చెప్పలేక, తన విసుగునకు తానే సిగ్గుపడే ఇల్లాలి దయ తరగని గని కాదు. అమృతసర్ గుడారాల గొప్పతనం ఇక్కడనే వున్నది. అక్కడ ఒక తల్లి నిద్రపోతే పక్క గుడారపు తల్లి మేల్కొని వుండేది. దయను ఒకరి తలమీదనే పెట్టక పదిమంది పంచుకొన్నపుడే అది నిలుస్తుంది.

తెలుగు సాహిత్యం ఈ విషయంలో వెనుకబడి లేదు. త్రిపురనేని గోపీచంద్ 1940 దశకంలో 'అసమర్థుని జీవయాత్ర' నవలలో సీతారామారావు మనస్సు అంచెలంచెలుగా శిథిలమవటాన్ని చూపాడు. 1950 దశకంలో రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లో తన నీడకే జంకే సుబ్బయ్య లోపలి ప్రపంచాన్ని చిత్రించాడు. ఈ రెండు నవలలూ మనస్సు కుంగినవాని లోపలినుంచి వ్రాసినవి; అందువల్ల తెలుగు పాఠకునికి అతడు వింతమృగంగా కాక తనవంటి మనిషిగా కనిపించాడు. చాపకు ఆవలివైపు కూర్చున్న మనిషి కథ, అంటే సీతారామారావును చూస్తూ వున్న భార్య రాత్రులు, సుబ్బయ్యతో ఒకే కప్పు కింద బ్రతికే ఇల్లాలి మాటలు, ఇంకా విరివిగా రావలసి వున్నాయి. సూరత్ మగ్గాల గదిలో పక్కవాని నిద్రలేమిని గమనించిన తెలుగు నేతకాని కథ కూడా అట్టిదే. పేరులేని ఆ పరిచారకులే ఈ చరిత్రకు అసలు నాయకులు.

1844లో సూరత్ ఉపాధ్యాయుడు మాంత్రికుని అడిగిన ప్రశ్న, నీ శక్తిని చూపించు అన్నది. ఆ ప్రశ్నను ఈనాడు వైద్యుడూ, ప్రభుత్వమూ, కార్మికసంఘమూ, రచయితా, ఇరుగుపొరుగూ తమకే వేసుకోవలసి వున్నది. ఆ శక్తికి పరీక్ష దూరాన ఎక్కడో జరగదు. రాత్రివంతు ముగించి గదికి వచ్చిన మగ్గంవాడు, తన చాపమీద పడుకొని వుండవలసిన తోటివాడు గోడకు ఆనుకొని చీకటిలో కూర్చుని వుండటం చూచి, అలసటతో పక్కకు తిరిగి పడుకొంటాడా, లేక దీపం వెలిగించి అతని పక్కన కూర్చుంటాడా అన్న చోట జరుగుతుంది.